పండుగ పూట పోసిన స్లాబ్

1981లో నేను యాకుత్‌పురా చుట్టుపక్కల చిన్న చిన్న ఇళ్లు కట్టే కాంట్రాక్టర్ని. ఆ రోజుల్లో సిమెంటు కావాలంటే సర్కారు పర్మిట్ ఉండాలి. పర్మిట్ చేతికొచ్చినా గోదాములో సరుకుండాలి. ఇల్లు కట్టించుకునేవాళ్లకు ఇదంతా ఎవరు చెప్తారు? అందుకే మా కాంట్రాక్టర్లలో చాలామంది "రేపు" అనే ఒక్క మాటతో నెలలు నెట్టుకొచ్చేవాళ్లు, ఇంటాయన ఎదురొస్తే గల్లీ మార్చేవాళ్లు. నాకు ఆ దాగుడుమూతలు చేతకావు. సిమెంటు రాకపోతే రాలేదని పొద్దున్నే వెళ్లి మొహం మీదే చెప్పి, పడాల్సిన తిట్లు పడి వచ్చేవాణ్ణి.

మాదన్నపేటలో ఆనందం అనే ఆయన ఇంటి దగ్గర పడినన్ని తిట్లు ఇంకెక్కడా పడలేదు. ఆనందం రైల్వేలో ఖలాసీ. వేసవిలోనే స్లాబ్ పడుతుందని నమ్మి పాత పెంకుటిల్లు విప్పించాడు. పక్కన ఖాళీ జాగాలో టార్పాలిన్ కట్టుకుని, భార్య మరియమ్మతో, చంటివాడితో అందులోనే కాపురం పెట్టాడు. గోడలు లేచాయి. సెంట్రింగ్ కూడా కొట్టించాను, అంటే స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే కర్రలూ చెక్కలూ అన్నమాట. సిమెంటు మాత్రం రాలేదు. వానలొచ్చాయి, వాటి వెనకే రంజాన్ నెల కూడా వచ్చింది. మా మేస్త్రీ ఖాజా భాయ్, అతని మనుషులు రోజా ఉండి, పగలంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, పైన ఇనుప కడ్డీలు కట్టే పని మెల్లగా చేస్తున్నారు.

"ఇయ్యాల గూడ రాలేదు చెల్లె," అనేవాణ్ణి.

"రాలేదని చెప్పనీకే ఇంత పొద్దుగాల వచ్చినవా అన్నా? పిల్లగానికి దగ్గు తగ్గుతలేదు. నీ మాటలు కప్పి పండవెట్టాల్నా?" అనేది మరియమ్మ.

నిజమే కదా. తల వంచుకుని వచ్చేవాణ్ణి. ఒకరోజు ఆమె పొయ్యి గోడ వెనక్కి, బురదలోకి మారి కనిపించింది. గాలివాటానికి మార్చుకుందేమో అనుకుని ఊరుకున్నాను.

చివరికి రంజాన్ ఆఖర్లో సిమెంటు దిగింది, వాన కూడా తెరిపి ఇచ్చింది. "రోజాతోనే పోస్తం, ఫికర్ చెయ్యకు," అన్నాడు ఖాజా. మర్నాడే స్లాబ్ అనుకున్నాం. నేనేమో ముప్పై రోజాలూ పూర్తవుతాయన్న ధీమాలో ఉన్నాను. ఇరవై తొమ్మిదో రోజా నాటి ఆ సాయంత్రమే నెలవంక కనబడింది. గల్లీ అంతా "చాంద్ ముబారక్" కేకలు. రేపు పండుగ, ఒక్క మనిషీ పనికి రాడు. అవతల మబ్బు కమ్ముకొస్తోంది. బస్తాలు చెమ్మకు గడ్డకట్టాయంటే ఆ ఏడు ఇంకో పర్మిట్ దొరకదు. చలికాలం కూడా చంటివాడు టార్పాలిన్ కిందే దగ్గుతూ ఉండాలి.

వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి మరియమ్మ తిట్టలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆకాశం వైపు చూసింది. ఆ తిట్లే నయమనిపించింది.

"ఖాజా భాయిని అడగకన్నా," అన్నాడు ఆనందం. "నెల దినాలు కడుపు మాడ్చుకున్నరు. పండుగ పూట పనికి పిలుస్తమా?"

నేను అడగలేదు. పొద్దున బస్తాల మీద ఇంకో టార్పాలిన్ కప్పుదామని సైటుకు పోయాను. నమాజు ముగిసిన కాసేపటికి గల్లీలో అత్తరు వాసన గుప్పుమంది. ముందు ఖాజా, వెనక అతని మనుషులు, వాళ్ల వెనక నేనెన్నడూ చూడని మొహాలు: బావమరుదులు, గల్లీలో టైలరు, పాలు పోసే ఆయన. వచ్చినవాళ్లు వచ్చినట్టే కొత్త బట్టలు విప్పి మరియమ్మ దండెం మీద వేసి, పాత లుంగీలు కట్టుకున్నారు.

"ఏంది భాయ్ ఇది? మిమ్మల్ని ఎవరు పిలిచిన్రు?" అన్నాను.

"ఎవ్వలు పిలవలే. ఆ బహెన్ పొయ్యి ఎందుకు ఎన్కకు మార్చిందో ఎరికేనా నీకు?" అన్నాడు ఖాజా. "మేం రోజాల ఉండి పైన కడ్డీలు కడుతుంటే మాకు కూర వాసన రావొద్దని. పిల్లగాన్ని సంకలేసుకొని బురదల కూసొని వండింది. మాకు ఒక్క మాట చెప్పలే. నడువు, మబ్బు ఆగదు."

నెలంతా ఆ పొయ్యి పక్కనుంచే నడిచాను నేను.

స్లాబ్ ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే ఆ అతుకు దగ్గర నీళ్లు కారతాయి. అందుకే ఏ స్లాబ్ రోజైనా అరుపులూ లొల్లీ తప్పవు. ఆ రోజు అరిచినవాడు లేడు. కాంక్రీటు నింపిన ఇనుప గమేళాలు చేతులు మారుతూ నిచ్చెన ఎక్కుతుంటే కింద నిలబడి అట్లాగే చూస్తూ ఉండిపోయాను. వాళ్ల ఇళ్ల నుంచి పండుగ పాయసం, షీర్ ఖుర్మా గిన్నెలు వచ్చాయి. సాయంత్రం పని ముగిశాక మరియమ్మ పొయ్యి మళ్లీ ముందుకు తెచ్చి, అందరి ఎదుటా చాయ్ పెట్టింది.

మర్నాడు వాన దంచింది. అప్పటికి స్లాబ్ బిగుసుకుంది. కొత్త స్లాబును కొన్నాళ్లు తడుపుతూనే ఉండాలి, దాన్నే క్యూరింగ్ అంటాం. నేను బకెట్ పట్టుకుని పోతే మరియమ్మ సెంట్రింగ్ కర్రల మధ్య, పొడి నేల మీద పిల్లాణ్ణి ఆడిస్తోంది.

"నువ్వెందుకన్నా, పైనుంచి దేవుడు పోస్తనే ఉన్నడు గదా," అని నవ్వింది.

పని ఆగినప్పుడు ఇంటివాళ్లకు నిజం చెప్తే చాలు, నా బాధ్యత తీరిందనుకునేవాణ్ణి. అంతకన్నా చూడాల్సింది ఉందని మరియమ్మ ఇంటి దగ్గర తెలుసుకున్నాను. అప్పటి నుంచి పని ఆగిన ఏ సైటుకు పోయినా ముందు పొయ్యి ఎక్కడుందో చూస్తాను.