బోర్లించిన కప్పు

దోహాలో అల్ మన్సూరాలో ఉండే మా చెల్లెలిని చూడటానికి వెళ్ళినప్పుడు, ఎదురు ఫ్లాట్ పిల్ల జహ్రా నన్ను వాళ్ళింటికి లాక్కెళ్ళింది. కాబూల్ విడిచి తల్లితో శరణార్థిగా వచ్చింది. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. మర్నాటి నుంచి ఆడవాళ్ళ పెళ్ళి హాల్లో కాఫీ పోసే డ్యూటీ. ముందుగా పోసి చూసుకోవడానికి ఓ అతిథి కావాలట.

ఎడమ చేత్తో కూజా, కుడి చేత్తో చిట్టి కప్పు పట్టుకుని సిపాయిలా నిలబడింది. ఆ అరబ్బు కాఫీ నాకైతే ఏలకుల కషాయంలా ఉంది. తాగగానే మళ్ళీ పోసింది. మూడోసారికి, విస్తరి మీద అడ్డం పెట్టినట్టు కప్పు మీద అరచెయ్యి పెట్టి చాలన్నాను.

"అలా కాదు ఖాలా," అంది హిందీలో, నన్ను పిన్నీ అని పిలుస్తూ. "ఇక్కడ కప్పు అటూ ఇటూ ఊపాలి. ఊపేదాకా నేను పోస్తూనే ఉండాలి."

"మరి మీ ఊళ్ళో?"

"మా నానమ్మ ఇంట్లో అయితే కప్పు బోర్లించాలి. లేకపోతే టీ పోస్తూనే ఉంటుంది. రేపు హాల్లో నేనెక్కడ తికమక పడతానోనని, అమ్మ ఇంట్లో కూడా కప్పు ఊపుతోంది."

మూల పరుపు మీద కూర్చున్న వాళ్ళమ్మ, ఖాళీ కప్పు పట్టుకుని మొహమాటంగా నవ్వింది.

నేను నా ఖాళీ కప్పుని ముందున్న పళ్ళెంలో బోర్లించాను. జహ్రా పకపకా నవ్వి, కూజా కింద పెట్టేసి నా పక్కన చతికిలబడింది.

వాళ్ళమ్మ లేచి వచ్చి, తన కప్పు కూడా నా కప్పు పక్కనే బోర్లించింది.