కొట్టేసిన మాట

ఎలిశబెతు టీచరమ్మ మా బడికి వచ్చింది యాభై తొమ్మిది జూన్‌లో. కోట అనే ఊరికి తూర్పున, ఉప్పుటేటి ఒడ్డున, మాది రెండు గదుల మిషన్ బడి. నా పేరు హెబ్రోను, హెడ్మాస్టరును. అప్పటికి పదకొండేళ్లుగా ఐదు తరగతులనూ నా గొంతుతో, నా బెత్తంతో ఒక్కణ్ణే ఈడ్చుకొస్తున్నాను. ఆమె ట్రైనింగ్ పూర్తి చేసిన ముప్పై ఏళ్ల మనిషి. పెళ్లి చేసుకోలేదు. ముసలి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరికీ ఆ ఉద్యోగమే ఆధారం. చిన్న తరగతులు రెండూ ఆమెకు అప్పగించాను. మొదటి వారమే ఆమె మీద నాకు చిరాకు పుట్టింది.

ఎందుకంటే ఆమె పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టేది కాదు. అక్షరాలు గవ్వలతో పేర్పించేది. కూడికలకు ఉప్పుమళ్ల దగ్గరికి తీసుకుపోయి కుప్పలు లెక్కపెట్టించేది. పాఠంలో రాజు వస్తే ఎవరో ఒక పిల్లకు తాటాకు కిరీటం పెట్టి రాణిని చేసేది. ఆటే గానీ ఇందులో చదువెక్కడిదని నేను గొణుక్కునేవాణ్ణి. నా గదిలో పిల్లలు నోటితో పద్యం అప్పచెబుతూ చెవులు మాత్రం తడిక అవతల పెట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

రెండో ఎక్కం ఆమె నోవహు కథతో చెప్పింది. ఓడలోకి జంతువులు జతలు జతలుగా ఎక్కాయి కదా! పిల్లలు ఏటి బంకమట్టి తెచ్చి రెండు ఆవులు, రెండు ఏనుగులు, రెండు కోతులు, రెండు పాములు, అలా పది జతలు చేశారు. పాత తాటాకు బుట్టే ఓడ. ఒక్కో జత ఎక్కినప్పుడల్లా రెండొకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు అని పాడేవాళ్లు. పడవలవాళ్ల పిల్ల చెంచమ్మ మాత్రం పాట ఆపేసింది.

"టీచరమ్మా, ఏనుగులు రెండూ ఒక పక్కనే ఉండాయి. ఓడ తిరగబడతాది."

"అయితే నువ్వే సర్దమ్మా. ఏ పక్క ఎన్నుంటే నిలబడతాదో నువ్వే లెక్క చెప్పు."

ఒకటో తరగతిలోనే రెండేళ్లు నా బెత్తం కింద కూర్చుని, పలక మీద సున్నా తప్ప చుట్టడం రాని పిల్ల, ఆ రోజు ఇరవై జంతువుల్ని రెండు పక్కలకూ సమంగా పంచింది. తడిక సందులోంచి చూశాను. సంతోషించాల్సిన మనిషిని, అసూయపడ్డాను. నిజం చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

అరవై ఫిబ్రవరిలో బడి మీద నివేదిక పంపమని కరస్పాండెంటు గారు, అంటే మిషన్ తరఫున మా బళ్లను నడిపే పెద్దాయన, కబురు పెట్టారు. నాకు గ్రాంథికం రాయడమంటే మోజు. "ఎలిశబెతు గారు బాలబాలికలచే మట్టితో బొమ్మలు చేయించుచున్నారు" అని రాసి, చదువుకున్నాను. 'బొమ్మలు' కొట్టేశాను. పైన 'విగ్రహములు' అని రాశాను. కింద వివరం కూడా ఇచ్చాను: ఆవు, ఏనుగు, కోతి, సర్పము. ఓడ సంగతి రాయలేదు. నోవహు పేరు ఎత్తలేదు.

భాష నిండుగా ఉండాలనే అలా రాశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. మా ఇళ్లల్లో ఆ మాట ఎలాంటిదో నాకు తెలియదా? మా తాత బాప్తిస్మం తీసుకున్ననాడు ఇంట్లో విగ్రహాన్ని తీసేసి, దాంతోపాటు తోడబుట్టినవాళ్లందరినీ వదులుకున్నాడు. మా సంఘంలో ఎవరింటి కథైనా అక్కడే మొదలవుతుంది. ఆ మాట పడితే ఏమవుతుందో తెలిసే రాశాను.

వారం తిరక్కుండా సంఘపెద్ద క్రీస్తురాజు గారు మరో ఇద్దరితో దిగారు. కరస్పాండెంటు గారికి పంపిన నా కాగితం ఆయన చేతిలోనే ఉంది. కిటికీలో వరసగా పెట్టిన ఆవుల్నీ పాముల్నీ చూశారు.

"ఏందమ్మా ఇది? మిషన్ బళ్లో విగ్రహాలా?"

"విగ్రహాలు కాదయ్యగారూ, బొమ్మలు. నోవహు ఓడలో..."

"ఆవు, కోతి, పాము! ఊళ్లోవాళ్లు మొక్కేవే ఏరి ఏరి చేయించినావే! తీసకపోయి ఏట్లో వేయించు, ఇప్పుడే."

ఆమె వాదించలేదు. పిల్లల్ని వరసలో నిలబెట్టి తలా ఒక జత ఇచ్చింది. సగం మంది హిందువుల పిల్లలు. మట్టిబొమ్మను నీళ్లలో వేయడమంటే వాళ్లకు తెలిసింది వినాయకచవితి ఒక్కటే. ముందు నిలబడ్డ చెంచమ్మ మోకాళ్ల లోతుకు దిగి, ఆవుల్ని కళ్లకద్దుకుని నీళ్లలో వదిలి, దణ్ణం పెట్టింది. వెనక పిల్లలు, మా క్రైస్తవుల పిల్లలతో సహా, ముందున్న పిల్లను చూసి అలాగే చేశారు.

"ఇంకేం సాక్ష్యం కావాల?" అన్నారు క్రీస్తురాజు గారు. తర్వాత నా వైపు తిరిగారు. "హెబ్రోనూ, నువ్వు చెప్పు. ఈ దణ్ణాలు గూడా ఈమె నేర్పిందేనా?"

ఎలిశబెతు కూడా నా వైపు చూసింది. ఆ చూపులో భయం లేదు. ఈయన చెబుతాడులే అన్న నమ్మకమే ఉంది. 'విగ్రహములు' అన్న మాట నాదయ్యా, అవి ఎక్కాల బొమ్మలు అంటే చాలు.

"నేను అవతల గదిలో ఉంటానయ్యా. నాకు సరిగ్గా తెలవదు," అన్నాను.

నెలాఖరుకు ఆమె ఉద్యోగం పోయింది. తల్లీకూతుళ్లు ట్రంకుపెట్టె ఎద్దులబండిలో వేసుకుని వెళ్లిపోయారు. చెంచమ్మ బడి మానేసి ఎండుచేపల పనికి పోయింది. తను దణ్ణం పెట్టినందుకే టీచరమ్మను పంపేశారని ఆ పిల్ల ఏడుస్తోందని వాళ్లమ్మ నాతో చెప్పింది. వాళ్ల గుడిసె బడికి కూతవేటు దూరం. వెళ్లి, తప్పు నీది కాదు తల్లీ, నాది అని చెప్పి ఉండొచ్చు. వెళ్లలేదు. ఇందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

అరవై ఏడులో ఒక మధ్యాహ్నం మనుబోలులో బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో పలకరించారు.

"వందనాలన్నా! బాగుండారా?"

ఎలిశబెతే. జుట్టు సగం నెరిసింది. తల్లి పోయిందని చెప్పింది. ఎవరిదో అరుగు మీద పాతికమంది పిల్లలకు చదువు చెబుతోందట. వెంటనే చెంచమ్మను అడిగింది.

"ఐదు పాసైందా అన్నా? లెక్కల్లో గట్టిది."

"ఒకటితోనే మానేసిందమ్మా," అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆమె చేతిసంచి కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఎవురో నామీద రాసినారంటన్నా. ఎవురని నేను అడగలా. శానా రోజులు కోపంగానే ఉన్నా. ఇప్పుడు పొద్దున ప్రార్థనలో ఆయన కోసం గూడా అడగతా ఉండా. పేరు తెలవదు గదా, ఆ రాసినాయన అని చెప్పుకుంటా."

ఆమె బస్సు వచ్చింది. మెట్టెక్కి వెనక్కి తిరిగి, "మీరు గూడా ఆయన కోసం ప్రార్థన చెయ్యండన్నా," అంది.

"చేస్తానమ్మా," అన్నాను.

చేస్తున్నాను, ఈ రోజుకీ. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, నేను కూడా 'ఆ రాసినాయన' అనే అంటాను.