మసి పట్టని పొయ్యి

గవర్రాజు కొడుకు త్రినాథరావుని పట్టుబట్టి డిగ్రీలో చేర్పించింది వాడి చిన్నాన్న పోలిరాజే. దొరికిన సీటు ఆంత్రోపాలజీ. అదేం చదువో ఊళ్ళో ఎవరికీ తెలీదు. "ఏటి సదువుతన్నాడ్రా మీవోడు?" అని అడిగితే, "మడుసుల గురించి సదువుతన్నాడు" అనేవాడు పోలిరాజు గర్వంగా. మనుషుల గురించి పుస్తకంలో చదివినవాడి కంటికి ఇంట్లో మనుషులు ఆనరని పాపం ఆయనకేం తెలుసు.

డెబ్బైల చివర్లో ఊరి మీదకి ఫ్యాక్టరీ వచ్చింది. ఇళ్ళూ పొలాలూ పోతాయి, బదులుగా కుటుంబానికో ఉద్యోగం అన్నారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంట. రెండు కుటుంబాలని చెబుదామనుకున్నారు. అందులో అబద్ధమేముంది? ఇద్దరికీ పెళ్ళాం పిల్లలున్నారు. ఒక ఉద్యోగం త్రినాథరావుకి, ఒకటి పోలిరాజుకి. సర్వే రోజు పొద్దున్నే పోలిరాజు భార్య నూకాలు పెరట్లో రెండో పొయ్యి వేసింది.

సరిగ్గా అప్పుడే పట్నంలో కాలేజీ దగ్గర, మద్దిలపాలెంలోని అద్దె గది నుంచి వచ్చి దిగాడు త్రినాథరావు. సంగతి వాడి చెవిన వేసే వ్యవధి లేకపోయింది. ఆఫీసరు అప్పటికే అరుగు మీద కూర్చున్నాడు.

"ఏం చదువుతున్నావోయ్?" అన్నాడాయన. ఆంత్రోపాలజీ అనగానే హుషారొచ్చింది. "అయితే నువ్వే చెప్పు, ఈ ఇంట్లో ఎన్ని కుటుంబాలు?"

క్లాసులో విన్న పాఠం వాడి నాలిక చివరే ఉంది. "ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒకటే కుటుంబం సార్. మాది ఒకటే."

ఆఫీసరు పెరట్లో పొయ్యి చూపించాడు. వాడు వంగి చూసి, "దీనికి మసే పట్టలేదు సార్" అన్నాడు. ఉమ్మడి కుటుంబం పరువు నిలబెట్టాననుకున్నాడు వెర్రిబాగులవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నూకాలు కొంగు నోట్లో కుక్కుకుంది.

ఒక్క ఉద్యోగమే వచ్చింది. చదువుకున్నవాడని దాన్నీ వాడికే ఇచ్చారు. ఎనభైల్లో త్రినాథరావు యూనిఫాం వేసుకుని గేటు లోపలికి వెళ్తుంటే, పోలిరాజు అదే గేటు బయట కాంట్రాక్టరు కింద ఇసుక మోసేవాడు. ఎదురుపడితే నెత్తిన తట్టతోనే పక్కకి తప్పుకుని వాడికి దారిచ్చేవాడు. అదే త్రినాథరావుని లోపల్లోపల కాల్చుకు తింది.

కొత్త కాలనీలో వచ్చిన ఒక్క స్థలంలోనే అన్నదమ్ముల వాటాలు పక్కపక్కనే. మొదటి జీతం అందిన రోజు మిఠాయి పొట్లం పట్టుకుని, ఎప్పటిలాగే పిన్ని గుమ్మంలోకి వెళ్ళాడు.

"ఆకలేస్తంది పిన్నీ. అన్నం ఎట్టు."

నూకాలు వంట చేస్తోంది. పాత ఇంటి పెరట్లోంచి తెచ్చుకున్న ఆ రెండో పొయ్యికి ఇప్పుడు మసి దట్టంగా పట్టింది. ఆమె తలెత్తలేదు.

"మీ పొయ్యి అటేపుంది బాబూ" అంది.