మంచం మీది ఆటగాళ్ళు

ఆ ఆటను ఫోన్‌లోకి ఎక్కించింది నేనే. భుజం కీలు జారి మంచాన పడిన మా ఆయన పొద్దస్తమానం నా కుట్టుమిషను పక్కనే పడుకుని, జాకెట్టు చేతులు ఎలా కుట్టాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఒడ్డున ఉన్నా వల దగ్గరో పడవ దగ్గరో ఉండే మనిషి, ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఇంకో వారం ఇలాగే సాగితే నా చేతిలో కత్తెర ఏం చేసేదో నాకే తెలియదు. అందుకని ఒక మధ్యాహ్నం క్రికెట్ ఆట ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. బొమ్మలో బ్యాటు కనబడింది, బంతి కనబడింది. కింద బేస్‌బాల్ అని ఉంది. క్రికెట్‌కు చుట్టమేలే అనుకుని దించేశాను.

మాది మైపాడు. మా ఆయన, వాళ్ళన్న, ఇంకో ముగ్గురు కలిసి ఒకే పడవ మీద వేటకు పోతారు. వాళ్ళన్నను నేను పెద్ద బావ అంటాను. పడవలో ఆయన మాటే మాట. వేసవిలో ప్రభుత్వం రెండు నెలలు పెట్టే వేట నిషేధం మొదలయ్యే ముందు, నిండు వల లాగుతుండగా అల వచ్చి పడవను ఎత్తి పడేసింది. అయినా వల వదలనందుకు మా ఆయన కుడిభుజం ఊడొచ్చింది. నెల్లూరులో డాక్టరు కీలు కూర్చోబెట్టి, లోపల కండ చినిగిందని చెప్పి, చెయ్యిని గుడ్డతో మెడకు కట్టాడు. నిషేధం అయిపోయాక కూడా కొన్నాళ్ళు పడవ జోలికి పోవద్దన్నాడు. మళ్ళీ జారితే ఇక ఆ చేత్తో వల లాగే మాట మరిచిపొమ్మన్నాడు. ఆ మాట నేను విన్నాను. మా ఆయన విన్నట్టు తలాడించాడు.

నొప్పికన్నా ఆయన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఎడమచెయ్యి. చూడ్డానికి వచ్చినవాళ్ళు పండో బ్రెడ్డో చేతికిస్తుంటే ఎడమచేత్తో ఎలా తీసుకుంటాడు? కుడిచెయ్యిని కట్టులోంచి బయటికి లాగబోయి పళ్ళు బిగించేవాడు. నేను మధ్యలో దూరి అందుకునేదాన్ని.

"ఎడంచెయ్యి చాపితే అన్న తంతాడు మే," అనేవాడు.

అదీ నిజమే. పెద్ద బావకు ఆ పట్టింపు జాస్తి. పడవలో ఎవరైనా ఎడమచేత్తో నీళ్ళ సీసా అందిస్తే, ఎంత దాహమైనా ముట్టుకోడట.

ఇక ఆట సంగతి. అందులో మనం బంతి వేసేదీ లేదు, కొట్టేదీ లేదు. మనకో జట్టును ఇస్తారు. ఈరోజు ఎవరు ఆడాలి, ఎవరు కూర్చోవాలి అన్నది మనం తేల్చి బొత్తం నొక్కితే ఆట దానంతట అదే జరిగిపోతుంది. అంతా ఇంగ్లీషు. డిగ్రీ వెలగబెట్టినందుకు చదివి చెప్పే పని నాకు పడింది. మా జట్టులో పొడుగాటి బౌలరు ఒకడుండేవాడు. పేరు మా ఇద్దరికీ నోరు తిరగలేదు గనుక పొడుగోడు అనుకున్నాం. పొడుగోడు బంతి వేశాడంటే గెలుపే. దాంతో మా ఆయన ప్రతి ఆటకూ వాడినే దించాడు. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం, బాగా వేసేవాడు ఉండగా బంతి ఇంకొకడికి ఎందుకిస్తాం? చేప పడుతున్న రోజుల్లో పడవను ఒడ్డున పెట్టుకుంటామా? వాడి పేరు పక్కన ఒక చుక్క పసుపు నుంచి నారింజ రంగుకు మారుతూ వచ్చింది. అందానికి పెట్టారనుకున్నాను. ఒకరోజు అక్కడ ఎర్రటి గుర్తు పడింది. పొడుగోడి మోచెయ్యి పోయింది. ఈ ఆటలో ఒకసారి వేసినవాడికి కొన్నాళ్ళు విశ్రాంతి ఇవ్వాలని అప్పుడు చదివాను.

దెబ్బ తగిలినవాళ్ళకు అందులో వేరే జాబితా ఉంది. దానికి మా ఆయన మంచం అని పేరు పెట్టాడు. "పొడుగోణ్ణి మంచమెక్కించు మే," అంటే ఎక్కించాను. అలా ఎక్కిస్తే జట్టులో వాడి చోటు ఖాళీ అయి, ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. కానీ ఆ మంచం మీద ముగ్గురికే చోటు. ఒకడికి మోకాలు, ఒకడికి నడుము, అలా మా జట్టు నిండా రోగిష్టివాళ్ళే తేలారు. నాలుగోవాణ్ణి తీసెయ్యమని ఆట చెబుతూనే ఉంది. మా ఆయన ససేమిరా అన్నాడు.

"దెబ్బ తగిలినోడింటికి కూరచేప పంపకుండా ఉంటామా?" అన్నాడు.

మా పడవలో అదొక పద్ధతి. వేట నుంచి వచ్చాక, చేపలు అమ్మకానికి పోకముందే, పడవలోవాళ్ళందరి ఇళ్ళకూ కూరకు తీస్తారు. దెబ్బ తగిలి ఇంట్లో ఉన్నవాడికీ తీస్తారు. కూరచేప వస్తున్నంత కాలం పడవలో అతని చోటు అతనిదే. రావడం ఆగిందంటే ఎవరూ నోరు విప్పి ఏమీ చెప్పనక్కర్లేదు. మా ఆయన దెబ్బ తగిలాక వేటే లేదు గనుక, ఆయన చోటు సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. నిషేధం అయిపోయిన రోజున తెలియాలి.

ఈలోగా మా జట్టు ఎలాగో ముఖ్యమైన ఆట దాకా వచ్చింది. పొడుగోడి గుర్తు ఎరుపు నుంచి నారింజకు వచ్చింది. దించబోతే, పూర్తిగా కోలుకోలేదు, అయినా ఆడిస్తారా అని ఆట అడిగింది. నేను చదివి చెప్పాను.

"ఆడించు. ఆ మాత్రం నొప్పి ఓర్చుకోలేడా?"

ఆట సగంలోనే వాడి చెయ్యి మళ్ళీ పోయింది. ఈసారి సీజనంతటికీ. మా ఆయన ఫోను బోర్లా పెట్టి కట్టులోని తన చెయ్యి వంక చూసుకున్నాడు. నీకూ ఇదే గతి అనకుండా మిషను తొక్కుకున్నాను. అంత ఓర్పు నాలో ఉందని నాకే తెలియదు.

నిషేధం అయిపోవస్తుండగా పెద్ద బావ వచ్చాడు. "పక్కూరోణ్ణి ఒకణ్ణి మాట్లాడినా. బాగా లాగతాడంట," అన్నాడు.

"మంచిదేలే అన్నా," అన్నాడు మా ఆయన.

పెద్ద బావ ఫోన్‌లోకి తొంగిచూశాడు. మంచం గురించి చెబితే పడీపడీ నవ్వాడు. "దెబ్బలు తగిలినోళ్ళనందర్నీ ఎత్తుకోని కూసుంటే ఎట్టా గెలస్తావురా? తీసేసి కొత్తోళ్ళను తెచ్చుకో!"

ఆయన ఆట గురించే అన్నాడు. మా ఆయన మాత్రం అది తన గురించే అన్నట్టు విన్నాడు. కాఫీ గ్లాసు పెద్ద బావ ముందు ఠక్కున పెట్టాను.

ఆ రోజు నుంచి మా ఆయనకు అకస్మాత్తుగా నొప్పి తగ్గిపోయింది. "బాగుండాదిలే మే," అనడం, నేను అటు తిరగ్గానే చెయ్యి పైకెత్తబోయి ఆగిపోవడం. మిషను తొక్కడం ఆపకుండానే నాకన్నీ తెలుస్తున్నాయి. నాకు భయం పట్టుకుంది. పడవెక్కితే చెయ్యి పోతుంది. ఎక్కకపోతే చోటు పోతుందని ఆయన అనుకుంటున్నాడు.

పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగే రోజు తెల్లారకుండానే ఒడ్డుకు పోయాడు. చేతిలో జాకెట్టు వదిలేసి నేనూ వెనకే పోయాను. పడవ తోయడానికి అందరూ భుజాలు ఆనించారు. మా ఆయన ఎప్పుడూ నిలబడే చోట పక్కూరు మనిషి ఉన్నాడు. అది చూసి మా ఆయన ఎడమచేత్తో మెడ వెనక ముడి విప్పబోయాడు.

"ఏమయ్యా! పొడుగోడు ఏమైనాడో గుర్తుందా?" అని మా ఆయన్ను చూసి అరిచాను.

అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఆయన చెయ్యి ముడి మీదే ఆగిపోయింది. పడవ మొదటి అల దాటి, రెండో అల దాటి పోయింది. పెద్ద బావ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఇంటికి వచ్చి మా ఆయన మళ్ళీ మంచమెక్కాడు.

మధ్యాహ్నం ఫోను తీశాడు. పొడుగోడి పేరు మీద వేలు పెట్టాడు. "వీణ్ణి తీసేద్దామా మే?" అన్నాడు. ఇన్నాళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు.

అప్పుడే గుమ్మంలో పెద్ద బావ కనబడ్డాడు. వేట నుంచి సొంతింటికైనా పోకుండా నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీద ఉప్పు ఆరిపోయి ఉంది. ఎప్పుడూ కూరచేప ఎవరో ఒకరి చేత పంపేవాడే గానీ తను తెచ్చేవాడు కాదు. మొప్పల్లోంచి తాడు దూర్చిన వంజరం ఒకటి చాచి పట్టుకున్నాడు. మా ఆయన గబుక్కున లేచి, కట్టులోంచి కుడిచెయ్యి బయటికి లాగబోయాడు.

"రేయ్, ఎడంచేత్తో పట్టుకో," అన్నాడు పెద్ద బావ.

మా ఆయన కదల్లేదు. "అన్నా..."

"పట్టుకోరా ముందు. ఆ కుడిచెయ్యి నాకు కావాల."

మా ఆయన ఎడమచెయ్యి చాపి తీసుకున్నాడు. పెద్ద బావ నా చేత మంచినీళ్ళు తెప్పించుకుని తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. మా ఆయన చేపను నా చేతికిచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"పొడుగోణ్ణి ఉండనీలే మే," అన్నాడు.