వాన రోజుల రీడింగులు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నల్గొండలో పరిశోధన చేస్తున్నాను. జింక్ ఆక్సైడ్ నానో కణాలను పలుచగా పూసి ఒక సెన్సర్ తయారుచేశాను. విషవాయువు తగిలితే ఆ పూతలో కరెంటు మారుతుంది. ఆ మార్పును సెన్సర్ అమర్చిన డబ్బా నమోదు చేస్తుంది. చిట్యాల అవతల, ఒక మందుల ఫ్యాక్టరీ పక్క ఊళ్లో, యాదమ్మ అనే ఆమె ఇంటి గోడకు దాన్ని బిగించాను. కుళ్లిన గుడ్ల వాసన వస్తోందని ఊరంతా అర్జీ పెట్టుకుంది. కాలుష్యం చూసే ఆఫీసు అధికారులు మా రిపోర్టు కోసం ఆగారు.

నాలుగు నెలలు డబ్బా ఏమీ పట్టలేదు. వాన రోజుల్లోనే వాసన ఎక్కువని యాదమ్మ చెబుతూనే ఉంది. అనుమానం వచ్చి ల్యాబులో తేమ పెంచి చూశాను. తేమ చేరితే నా పూత వాయువును పసిగట్టడం లేదు. ఆ మాట రాస్తే థీసిస్ మళ్లీ మొదటికొస్తుంది. రాయలేదు. ఎందుకు? భయమా, తొందరా? ఎన్నిసార్లు నన్ను నేను తవ్వి చూసుకున్నా దొరికేది ఒకటే: ఎవరూ అడగరులే అనుకున్నాను.

యాదమ్మ అడిగింది. డబ్బా విప్పుతుంటే దగ్గుకుంటూ వచ్చి నిలబడింది.

“ఏం జెప్పింది బిడ్డా, నీ డబ్బ?”

“ఏం పట్టలేదమ్మా. గాలి మంచిగనే ఉన్నది.”

“మరి గొంతెందుకు మండుతాంది?”

నేను తల వంచుకుని స్క్రూలు ఏరుకున్నాను.

“సదువుకున్నదానివి, నీకు తెల్వదా. మా ముక్కులే ఖరాబైనయేమో” అంది.

తన ముక్కు చెప్పిందాన్ని పక్కనపెట్టి నన్ను నమ్మింది.

రిపోర్టు చూపించి అర్జీ మూసేశారు. నాకు డాక్టరేట్ వచ్చింది. రెండేళ్లకు నల్గొండ పెద్ద దవాఖానలో ఆమె కనబడింది, ఆక్సిజన్ గొట్టంతో. పక్కమంచం వాళ్లకు నన్ను చూపించి, “గీ మేడమే మా ఊరి గాలి చూసింది” అంది. గర్వంగా అంది. నేను నిలబడలేక బయటికి వచ్చేశాను. ఆ చలికాలమే ఆమె పోయింది. ఆ జబ్బు ఆ గాలివల్లే వచ్చిందా? తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేనే.

నిన్న అర్జీ మూసేసిన ఆ ఆఫీసుకు ఉత్తరం రాశాను, తేమ పరీక్షల కాగితాలు జతచేసి. యాదమ్మ కొడుక్కి ఒక ప్రతి పంపాను. క్షమించమని అడగలేదు, ఆ హక్కు నాకు లేదు. అతను ఏమంటాడో, అసలు చదువుతాడో లేదో తెలియదు. వాన రోజుల్లో నా సెన్సర్ పనిచేయలేదనీ, రిపోర్టు రాసేనాటికే అది నాకు తెలుసనీ నా సంతకం పెట్టి రాశాను. ఇప్పుడు మీకూ చెప్పాను.