టోనర్ ధర అడిగిన ఓబులమ్మక్క

తనకల్లు దగ్గర ఒక వేరుశనగ రైతుల సంఘంలో నేను గుమాస్తాగా చేరిన కొత్త రోజులవి. వానల్లేక పంట ఎండిపోయిన ఆ ఏడాది, కరువు సాయం దరఖాస్తుల అచ్చు కోసం రైతులంతా కదిరి దాకా తిరగలేక, సంఘానికే ఒక లేజర్ ప్రింటర్ కొందామన్నారు. ఎంపిక నాకు అప్పగించారు.

సమావేశంలో అన్నిటికంటే చౌకైన ప్రింటర్ బొమ్మ చూపించి గొప్పగా మాట్లాడాను. అందరూ సరేనన్నారు. అప్పుడు వెనక నుంచి ఓబులమ్మక్క లేచింది. సేద్యంతో పాటు గొర్రెలూ కాసుకునే ఆమెకు చదువు రాదు.

"మిషను ధర చెప్పినావు, సరే. దాంట్లో పొడి అయిపోతే మళ్లీ ఎంతప్పా? ఎన్ని కాగితాలకొస్తాది?"

నాకు తెలియదు. నవ్వి తప్పించుకోబోయాను.

"ఇప్పుడే ఫోను చేసి అడుగు."

అంగడాయన స్పీకర్లో చెప్పింది అందరూ విన్నారు. కొత్త టోనర్, అంటే ఆ పొడి డబ్బా, ధర దాదాపు ప్రింటరంత. మళ్లీ నింపడానికి కుదరదు. మా పనికి నెల కూడా రాదు. సభంతా గొల్లున నవ్వింది. తల ఎత్తలేకపోయాను.

ఆమె మాత్రం నవ్వలేదు. "నగాకండప్పా! గొర్రెను కొంటే మేత సంగతి అడగమా, అట్ల అడిగినా. రేపు నేనూ వస్తా, ఇద్దరం పోయి చూస్తాం" అంది.

మరునాడు మూడు అంగళ్లు తిరిగి, ధర కాస్త ఎక్కువైనా, టోనర్ కదిరిలోనే చౌకగా నింపించుకోగల ప్రింటర్‌ను ఆమే ఎంచింది. ఆ ఏడాది మా రైతుల దరఖాస్తులన్నీ దాని మీదే అచ్చయ్యాయి.

తెలియదని ఒప్పుకోవడానికి నేను సిగ్గుపడ్డాను. ఆమె తనకు తెలియదు కాబట్టే అడిగింది. నలుగురూ నవ్వుతుంటే నన్ను వెనకేసుకొచ్చి, నా తప్పు దిద్దిన ఆ పెద్దమనసు తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.