తప్పిపోతే బొటనవేలి దగ్గర

వియన్నా వెళ్ళాలంటే ముందు దోహా వెళ్ళి రావాల్సొచ్చింది. నవ్వకండి. తొమ్మిదేళ్ళుగా ఖతార్‌లోనే ఉంటున్నా, దోహాని కారు అద్దంలోంచి తప్ప నేను చూసింది లేదు. ఇల్లు దోహా బయట, అల్ వుకైర్‌లో. డ్రైవింగు మావారిది. పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవడం నా వంతు.

ఏప్రిల్లో వియన్నా అనుకున్నాం, మావారు, నేను, రెండేళ్ళుగా మాతోనే ఉంటున్న మా అత్తగారు. ట్రామెక్కి, మెట్రో దిగి, బుద్ధి పుట్టిన చోట ఆగుతూ నాలుగు రోజులూ ఆ ఒక్క ఊరే చూద్దామని నేను. కాదు, ప్యాకేజీ టూరని ఆయన. బస్సెక్కిస్తారు, దింపుతారు, మధ్యాహ్నం పప్పన్నం పెడతారు, తలలు లెక్కపెట్టుకుని మళ్ళీ ఎక్కిస్తారు. "మనంతట మనం తిరిగితే అమ్మ ఎక్కడో తప్పిపోతుంది. అప్పుడెవరిది బాధ్యత?" అనేవారు.

ప్యాకేజీవాళ్ళకి శుక్రవారం రాత్రికల్లా మాట చెప్పాలి. నాకు ఒళ్ళు మండింది. "రేపు శుక్రవారమే, మీ అమ్మగారిని కారు లేకుండా, టాక్సీ లేకుండా దోహా తిప్పి తీసుకొస్తాను. తప్పిపోకుండా తెస్తే వియన్నా మనంతట మనం. లేదంటే మీ ప్యాకేజీకి సరే," అనేశాను.

అత్తగారు వంటింట్లోంచి తొంగి చూశారు. "పందెం కాసేముందు కోడిపుంజుని కూడా ఓ మాట అడగాలర్రా," అన్నారు. ఆవిడది తణుకు. అడక్కుండానే మర్నాటికి బూట్లు తీసి పెట్టుకున్నారు.

ఏడింటికే బయల్దేరాం. మెట్రో స్టేషను పక్క ఊరు అల్ వక్రాలో ఉంది. మా వీధి చివర్నుంచి అక్కడికి మెట్రోవాళ్ళ ఉచిత బస్సుందని రాత్రే చూసి పెట్టుకున్నాను. నిలబడ్డాం, నిలబడ్డాం, బస్సు లేదు. ఎదురింటి ముందు కారు తుడుస్తున్నాయన మా మాటలు విని నవ్వాడు.

"ఇయ్యాల జుమ్మా గదమ్మా. పొద్దుగాల మెట్రో ఉండదు, తొమ్మిదైతది," అన్నాడు. నిజామాబాదట, పేరు ఖాదర్. "ఇంట్లకు పోయి మంచిగ చాయ్ తాగి రాండ్రి."

"నువ్వొచ్చి ఎన్నాళ్ళైంది బాబూ?" అనడిగారు అత్తగారు.

"పన్నెండేండ్లాయె. మా ఊర్లె ఇంకా నేను దుబాయ్‌ల ఉన్నననే చెప్తరు."

తొమ్మిదేళ్ళున్నాను, శుక్రవారం మెట్రో ఆలస్యమని తెలీదు. ఎలా తెలుస్తుంది, కారుకి శుక్రవారమేమిటి, సోమవారమేమిటి! ఇంటికెళితే మావారు మొహమంతా నవ్వు చేసుకుని, "అప్పుడే వియన్నా చూసొచ్చేశారా?" అన్నారు. ఇడ్లీ తిని మళ్ళీ పడ్డాం రోడ్డున.

ఈసారి బస్సు ఠంచనుగా వచ్చింది. స్టేషన్లో మిషను దగ్గర ఇద్దరికీ రెండు కార్డులు తీసుకున్నాను. ఒకే కార్డు మీద ఇద్దరు వెళ్ళడం కుదరదు, మీరెవరైనా వెళితే గుర్తు పెట్టుకోండి. లోపలికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ గేటుకి తాకించాలి. ఒకసారి ఎక్కితే రెండు రియాళ్ళు, రోజంతా ఎన్నిసార్లు ఎక్కినా ఆరు. అత్తగారు కార్డుని పర్సులో, పర్సుని హ్యాండ్‌బ్యాగులో, హ్యాండ్‌బ్యాగుని చంకలో భద్రం చేశారు.

"సరేగానీ అమ్మాయ్, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందు చెప్పు," అన్నారు ప్లాట్‌ఫారమ్మీద.

"తప్పిపోవడమేమిటండీ అత్తయ్యగారూ! ఫోన్లున్నాయిగా."

"నాది ఇంట్లో ఛార్జింగులో మర్చిపోయాను. పుష్కరాలకి వెళ్ళినా, కొండకి వెళ్ళినా ముందు ఆ మాట అనుకున్నాకే మేం అడుగు వేసేది. చెప్పు."

సూక్ వాకిఫ్ అనే పాత బజారు మధ్య పెద్ద బంగారు రంగు బొటనవేలి బొమ్మ ఉందని, మనిషికన్నా ఎత్తుగా ఉంటుందని, అక్కడ కలుద్దామని ఏదో మాటవరసకి చెప్పాను. ఆవిడ తన బొటనవేలు ఎత్తి చూసుకుని, "బొటనవేలు. సరే," అన్నారు.

రైలు కదిలింది చూడండీ, నాకు ఈలేద్దామనిపించింది! నేల మీద కాదు, ఎత్తున పోతోంది. రోజూ సిగ్నళ్ళ దగ్గర ఈడ్చుకుంటూ పోయే రోడ్డు కిందెక్కడో ఉండిపోయింది. ఫ్యామిలీ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. డ్రైవరుండడని చెప్తే అత్తగారు నమ్మలేదు. "మరి గుద్దేస్తే ఎవర్ని తిట్టాలి?" అన్నారు. కాసేపటికి రైలు భూమిలోకి దిగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు గానీ మొహం మాత్రం వెలిగిపోతోంది.

ముషైరిబ్‌లో రైలు మారాలి. ఆ స్టేషను పైకప్పు చూడాల్సిందే, పెళ్ళి పందిరి కట్టినట్టుంది. నేను తలెత్తి ఫోటో తీస్తున్నాను. ఇంతలో రైలొచ్చిన చప్పుడు. తిరిగి చూస్తే అత్తగారు ఎదురువైపు రైల్లో ఉన్నారు! సూక్‌కి వెళ్ళేది కాదది, ఊరి రెండో కొసకి వెళ్ళేది. గాజు తలుపుల అవతల్నుంచి నాకేసి సంతోషంగా చెయ్యూపుతున్నారు, నేనే ఎక్కడం ఆలస్యం చేశానన్నట్టు. రైలు పోయింది.

పరుగెత్తుకెళ్ళి స్టేషన్లో డ్యూటీలో ఉన్న అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే తర్వాతి స్టేషన్లకి ఫోన్లు చేసింది. నా నంబరు రాసుకుని, "కలుసుకునే చోటేదైనా అనుకున్నారా?" అని అడిగింది. అనుకున్నామన్నాను. "అయితే మీరక్కడ ఉండటమే మంచిది. మేమూ చూస్తాం," అంది.

సూక్ వాకిఫ్ ఒక్క స్టేషనే. శుక్రవారం పొద్దున కొట్లు చాలామటుకు మూసే ఉన్నాయి, పావురాలు తప్ప మనుషులు పెద్దగా లేరు. బొటనవేలు ఎండలో ధగధగలాడుతూ నిలబడుంది. దాని కింద మా అత్తగారు లేరు.

ఎంతసేపు నిలబడ్డానో! నా పట్టుదల మీద నాకే అసహ్యమేసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అరబ్బీ రాదు, చేతిలో ఫోను లేదు. వియన్నా ఏ గంగలోనైనా కలవనీ, ఈవిడ కనబడితే చాలు దేవుడా అనుకుని మావారికి ఫోన్ చేశాను. రింగవుతోంది. అప్పుడు కనబడింది, సందు మలుపులో మా అత్తగారి నీలం కాటన్ చీర. పక్కన ఓ ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఇద్దరూ బొటనవేళ్ళు పైకెత్తి పట్టుకుని నడిచొస్తున్నారు.

"హలో, ఏమైంది?" అన్నారాయన. అత్తగారు ఫోను లాక్కుని, "ఒరేయ్, ఫ్రిజ్‌లో పప్పుంది, వేడిచేసుకు తిను. మేం టీ తాగబోతున్నాం," అని పెట్టేశారు. నేను ఆవిణ్ణి కావలించుకుని అందరి ముందూ ఏడ్చేశాను. తేరుకున్నాక, దొరికారని స్టేషను అమ్మాయికి కబురు చేయించాను.

ఏం జరిగిందో ఆవిడ నోటే వినాలి. "రెండో స్టేషన్లో దిగాను. ఇలా వేలు చూపించి 'సూక్' అన్నాను. ఒకాయన తనూ వేలు చూపించి వెళ్ళిపోయాడు. ఇంకొకడూ అంతే. భలే మర్యాదస్తులు! ఈ పిల్లకే అర్థమైంది."

ఆ అమ్మాయి ఏదో సెలూన్లో పనిచేస్తుందట. "మమ్మా వెరీ స్ట్రాంగ్. షీ నో క్రై," అంది. నాకేసి చూసి నవ్వింది కూడా. ముగ్గురం ఏలకులేసి చిక్కగా మరిగించిన కరక్ టీ తాగాం, పల్చటి రొట్టె మీద గుడ్డూ చీజూ వేయించుకు తిన్నాం. ఇక ఇంటికెళ్ళిపోదామన్నాను. "రోజంతా తిరిగినా ఆరు రియాళ్ళేనన్నావు, ఇప్పుడేం ఇల్లు?" అన్నారు అత్తగారు.

ఇక చూస్కోండి! కోర్నీష్‌లో దిగి సముద్రపు గాలి పీల్చాం. కతారా బీచికి వెళ్ళి ఇసుకలో ఒట్టికాళ్ళతో నడిచాం. మూడో రైలు దగ్గర్నుంచి ఏ వైపు ఎక్కాలో బోర్డు మీద బొమ్మలు చూసి ఆవిడే చెప్పడం మొదలెట్టారు. నేను వెనకాలే నడిచాను.

పొద్దు వాలుతుండగా అల్ వక్రా రైలెక్కాం. ఆయనకి నిజం చెప్పాలి. చెప్తే పందెం పోయినట్టే. మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళడానికొచ్చి స్టేషను బయట కారులో కూర్చుని ఉన్నారాయన. ఎక్కీ ఎక్కకముందే చెప్పేశాను. "ఏమండీ, నేను ఓడిపోయాను. అత్తయ్యగారు ముషైరిబ్‌లో తప్పిపోయారు."

"చూశావా, నేను చెప్పలా..." అని ఆయన అందుకోబోయారు.

"నువ్వాగరా," అన్నారు వెనక సీట్లోంచి అత్తగారు. "ఇద్దరం ముందు అనుకున్న చోటుకే చేరాం. దాన్ని తప్పిపోవడమంటారా? ఆ వియన్నాలో బొటనవేలు లాంటిదేదైనా ఉందేమో, అది చూడు ముందు."

ఆయన కారు స్టార్ట్ చేయలేదు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆ స్టేషను మెట్లెక్కని మనిషి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని రైలు వెళ్ళినవైపు చూస్తూ కూర్చున్నారు. ఆనక మెల్లగా అడిగారు.

"మరి నేను తప్పిపోతే?"

పాపం, ఇన్నాళ్ళూ అమ్మ పేరు చెప్పుకున్నది ఈ భయానికా! నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద ఎక్కళ్ళేని జాలీ వచ్చింది. అత్తగారు ముందుకి వంగి కొడుకు భుజం మీద చెయ్యేశారు.

"నువ్వెక్కడున్నావో అక్కడే నిలబడు నాన్నా. మేమొచ్చి తీసుకెళతాం."

రాత్రి ప్యాకేజీవాళ్ళకి ఫోన్ చేసి వద్దని చెప్పింది ఆయనే.